ఫిర్యాదును మూసేది ఎవరు? ఒక విశ్వవిద్యాలయం కేసు

ఆ రోజు సమావేశంలో వైస్ చాన్సలర్ గారి చేతిలో ఉన్న కాగితం నేను తయారుచేసిందే. విద్యార్థులు ఇచ్చిన వినతిపత్రంలో పద్నాలుగు అంశాలున్నాయి. వాటిలో పన్నెండింటికి ఎదురుగా 'పరిష్కరించబడింది' అని ఉంది, కింద నా సంతకం ఉంది. ఆయన ఒక్కో అంశం చదువుతూ వచ్చారు. ఐదో అంశం, హాస్టల్ మూడో అంతస్తులో నీళ్లు. "ఇది అయిపోయింది" అని ఆరోదానికి వెళ్లబోతుంటే వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

"సార్, మాది మూడో అంతస్తే. ఇవాళ పొద్దున కూడా నీళ్లు రాలేదు."

వీసీ గారు కాగితం వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. నేను ఎస్టేట్ ఇంజనీరు వైపు చూశాను. ఆయన ఫైల్లోంచి ప్లంబర్ రిపోర్టు తీసి చూపించారు. కుళాయి తిప్పాడు, నీళ్లు వచ్చాయి, తేదీ ఉంది, సంతకం ఉంది. అందులో ఎక్కడా అబద్ధం లేదు. ఆ అమ్మాయి చెప్పినదీ అబద్ధం కాదు.

ఈ రెండు నిజాలు ఒకే కుళాయి గురించి ఎలా ఉన్నాయన్నదే ఈ కేసు. అప్పటికి నేను విద్యార్థి సేవల బాధ్యతలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. అంతకుముందు చాలాకాలం భవనాల విభాగంలో ఇంజనీరుగా పనిచేశాను. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. సాంకేతిక వివరాలు మాత్రం మార్చలేదు, ఎందుకంటే అసలు పాఠం వాటిలోనే ఉంది.

రిజిస్టరు ఎలా పనిచేసేది

ఫిర్యాదు మూడు దారుల్లో వచ్చేది: వార్డెన్‌కి నోటితో చెప్పడం, ఆఫీసు బయట పెట్టెలో వేయడం, ఆన్‌లైన్ ఫారం నింపడం. ఏ దారిన వచ్చినా చివరికి ఒకే రిజిస్టరులో చేరేది. అందులో నంబరు, తేదీ, ఏ విభాగం, తీసుకున్న చర్య, మూసిన తేదీ అని గడులుండేవి. చెప్పినవాళ్లు ఏమన్నారో రాయడానికి మాత్రం గడి లేదు. ఇన్నేళ్లలో అది లేదని మాకెవరికీ తోచలేదు.

ప్రతి సోమవారం రిజిస్ట్రార్ గారు అడిగే ప్రశ్న ఒక్కటే: "పెండింగ్ ఎన్ని?" ఆ సంఖ్య తక్కువుంటే మీటింగ్ పది నిమిషాల్లో ముగిసేది. ఎక్కువుంటే ఆ విభాగం అధిపతికి ఆ వారమంతా టెన్షనే. అందుకని శుక్రవారం మధ్యాహ్నం అన్ని విభాగాల్లోనూ ఫిర్యాదులు మూతపడేవి. ఇందులో మోసమేమీ లేదు. ఎవరైనా వెళ్లి చూసి, తమకు తోచింది చేసి, గడి నింపేవారు. మా దగ్గర పనిచేసినవాళ్లలో చాలామంది నిజాయితీగా పనిచేసేవాళ్లు, అది చెప్పకపోతే తప్పు. మేం వాళ్లని అడిగిందే ఆ ఒక్క సంఖ్య. వాళ్లు అదే ఇచ్చారు.

మూడో అంతస్తు నీళ్లు

సమావేశం అయిన మర్నాడు పొద్దున ఆరింటికి ముందే ఆ హాస్టల్‌కి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. వీసీ గారు వస్తున్నారంటే కుళాయిలకు కూడా తెలిసిపోతుంది.

ఆరుంపావుకి మూడో అంతస్తు కుళాయిలో సన్నటి ధార వస్తోంది. ఆరున్నరకి అదీ ఆగిపోయింది. అదే సమయంలో కింది అంతస్తులో నీళ్లు ధారాళంగా పడుతున్నాయి. ప్లంబర్ వచ్చి చూసింది పదకొండు గంటలకు. ఆ టైముకి పిల్లలంతా క్లాసుల్లో ఉంటారు, ఎక్కడా ఒక్క కుళాయి కూడా తిరగదు. అప్పుడు మూడో అంతస్తులోనూ నీళ్లు వస్తాయి.

లెక్క చాలా చిన్నది. నీటి ఎత్తు పది మీటర్లుంటే దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మా భవనంలో ట్యాంకు పైకప్పు మీద పొట్టి దిమ్మల మీద కూర్చుని ఉంది. దాని అడుగుకీ మూడో అంతస్తు కుళాయికీ మధ్య రెండు మీటర్లు. అంటే కుళాయి దగ్గర ఒత్తిడి 0.2 బార్, అదీ నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నప్పుడు. ఒక్కో అంతస్తు దిగితే మూడు మీటర్ల చొప్పున 0.3 బార్ కలుస్తుంది, కాబట్టి మూడంతస్తులు దిగి నేల అంతస్తుకు వచ్చేసరికి 1.1 బార్. నాలుగు అంతస్తులకూ దిగేది ఒకటే గొట్టం. కింద అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పితే నీళ్లు వేగంగా కదులుతాయి, గొట్టంలో రాపిడి పెరుగుతుంది, పైన ఉన్న ఆ కొద్ది ఒత్తిడి అక్కడే ఖర్చయిపోతుంది. పై కుళాయికి మిగిలేది గాలి. ఒక్కోసారి నిజంగానే గాలి పట్టేసి, తర్వాత ఒత్తిడి తిరిగొచ్చినా నీళ్లు రావు.

దీనికి తోడు మరో సంగతి ఉంది, ఇంజనీరుగా నేను ఊహించలేకపోయింది. పొద్దున నీళ్లు రావని తెలిసి మూడో అంతస్తు పిల్లలు రాత్రి పదిన్నర తర్వాత బకెట్లు నింపుకుని గదుల్లో పెట్టుకునేవాళ్లు. మోటారు ఆపరేటర్ డ్యూటీ పదింటికి అయిపోతుంది. ట్యాంకు నింపి, మోటారు ఆపేసి ఆయన వెళ్లిపోయాక ఈ బకెట్లు నిండేవి. పొద్దున ఆపరేటర్ ఆరున్నరకి వచ్చేసరికి ట్యాంకు సగానికి దిగి ఉండేది. మట్టం దిగిందంటే ఉన్న ఆ రెండు మీటర్ల పైన దొరికే కాస్త అదనపు ఎత్తు కూడా పోయినట్టే. తమ ఇబ్బందికి వాళ్లు వెతుక్కున్న ఉపాయమే ఆ ఇబ్బందిని పెంచింది. ఈ మాట వాళ్లతో నిందలా అనకూడదని మొదటి రోజే అనుకున్నాను. పొద్దున నీళ్లు రానివాళ్లు రాత్రి పట్టుకోక ఏం చేస్తారు?

చేసిన పని పెద్దదేం కాదు. ట్యాంకు నుంచి మూడో అంతస్తుకు విడిగా ఒక గొట్టం దింపాం. సంపు మోటారుకు ట్యాంకు మట్టాన్ని బట్టి తనంతట తాను ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్ పెట్టాం. పాత గొట్టం మీదున్న గేటు వాల్వు సగం మూసి, తుప్పు పట్టి ఉంది. ఎవరో ఎప్పుడో కింద లీకేజీ రిపేరు కోసం మూసి, పూర్తిగా తెరవడం మర్చిపోయారు. దాన్నీ మార్చాం.

ఈసారి పని అయ్యాక నేను సంతకం పెట్టలేదు. ఆ అమ్మాయిని, ఆమె అంతస్తులో మరో ఇద్దరిని వారం రోజులు పొద్దున ఆరున్నరకి కుళాయి తిప్పి చూసి చెప్పమన్నాను. నాలుగో రోజు వాళ్లు, "చివరి బాత్రూంలో ఇంకా సన్నగానే వస్తోంది సార్" అన్నారు. చూస్తే అక్కడ ఒక వంపు దగ్గర గాలి పట్టుకుంటోంది. పైకి ఒక గాలి గొట్టం పెట్టాక సరిపోయింది. పాత పద్ధతిలో అయితే గొట్టం వేసిన రోజే ఈ ఫిర్యాదు మూసేసేవాళ్లం.

మిగతా అంశాల్లోనూ అదే

తర్వాతి రెండు వారాలు 'పరిష్కరించబడిన' పన్నెండింటినీ మళ్లీ తెరిచి చూశాం. కొన్ని నిజంగానే అయిపోయాయి: లైట్లు, తలుపు గడియలు, లైబ్రరీలో విరిగిన కుర్చీలు. వాటి గురించి చెప్పడానికేం లేదు. మిగతా వాటిలో మాత్రం అదే కథ, వేరే వేషంలో.

వైఫై సంగతి. "నెట్ స్లోగా ఉంది" అని ఫిర్యాదు. నెట్‌వర్క్ విభాగం బ్యాండ్‌విడ్త్ గ్రాఫ్ జత చేసి, లైన్‌లో సగం కూడా వాడకంలో లేదని రాసి మూసేసింది. గ్రాఫ్ నిజమే. పిల్లల్ని కూర్చోబెట్టి, "స్లో అంటే ఏమవుతోంది, ఫోన్ తీసి చూపించండి" అంటే, అది స్లో కాదు, అసలు కలవడమే లేదు. సిగ్నల్ నిండుగా ఉంది, కానీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్కులో కలవడానికి ప్రతి పరికరానికీ ఇచ్చే నంబరు) కోసం ఎదురుచూస్తూ తెర అలాగే తిరుగుతోంది. ఆ హాస్టల్ బ్లాకుకి కేటాయించిన నెట్‌వర్కులో వాడదగ్గ అడ్రసులు 254. ఆ బ్లాకులో ఉండే నూట యాభై మందికి తలా ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్ అనుకున్నా మూడు వందలు. పైగా సర్వరులో ముందుగా ఉన్న సెట్టింగు ప్రకారం ఒక పరికరానికి ఇచ్చిన అడ్రసు ఎనిమిది రోజులు దాని పేరునే ఉంటుంది. స్నేహితుడి గదికి ఐదు నిమిషాలు వచ్చిపోయినవాడి ఫోను కూడా ఎనిమిది రోజులు ఒక అడ్రసు మీద కూర్చుంటుంది. బస్సు ఖాళీగా ఉంది, ఎక్కడానికి టికెట్లే లేవు, అంతే. ఆ గడువు కొన్ని గంటలకు తగ్గించి, అడ్రసుల సంఖ్య 1022 అయ్యేలా నెట్‌వర్కు పరిధి పెంచారు. ఒక మధ్యాహ్నం పని.

ఇందులో విద్యార్థులు చేయాల్సిందీ ఉంది. వైఫై పనిచేయట్లేదని చాలామంది గదుల్లో సొంత రౌటర్లు పెట్టుకున్నారు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగల చానళ్లు మూడే: 1, 6, 11. వరండాకి పది రౌటర్లుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. వాటిని నిషేధిస్తూ సర్క్యులర్ ఇద్దామని ఒకరన్నారు. అప్పటికి వద్దన్నాం. ముందు మనది బాగుచేసి, రెండు వారాలు ఆగి, అప్పుడు అడుగుదాం అన్నాం. అలాగే చేశాం. చాలామంది తీసేశారు. అందరూ తీయలేదు, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి.

తాగునీటి వాసన సంగతి నాకు నిజంగా భయం పుట్టించింది. కూలర్ నీళ్లలో వాసన వస్తోందని ఫిర్యాదు. జవాబుగా ల్యాబ్ రిపోర్టు పెట్టి మూసేశారు. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) లేదు, క్లోరిన్ సరిపడా ఉంది, అన్నీ సక్రమం. శాంపిల్ ఎక్కడ తీశారని అడిగాను. శుద్ధి ప్లాంటు దగ్గర, నీళ్లు బయటికి వచ్చే గొట్టం వద్ద. కూలర్ అక్కడికి రెండు భవనాల అవతల ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పేదేమిటంటే, క్లోరిన్ కలిపి కనీసం 30 నిమిషాలు గడిచాక లీటరుకు 0.5 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ (క్రిములను చంపడానికి ఇంకా మిగిలున్న క్లోరిన్) ఉండాలి, నీళ్లు మనిషికి అందే చోట కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. మా కూలర్ కుళాయి దగ్గర కొలిస్తే సున్నా. ప్లాంటు తప్పేం లేదు. కూలర్‌లో ఉన్న కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ని పీల్చేస్తుంది, దాన్ని పెట్టేదే అందుకు. ఆ తర్వాత నీళ్లు కూలర్ లోపలి చిన్న ట్యాంకులో రక్షణ లేకుండా నిలుస్తాయి. సెలవుల్లో వారాల తరబడి నిలుస్తాయి. ఆ ట్యాంకులు కడిగిన తేదీ ఎక్కడా రాసి లేదు. ఆ సాయంత్రమే కూలర్లన్నీ ఆపేశాం, ఎందుకు ఆపామో ప్రతి దాని మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. కడిగి, ఫిల్టర్లు మార్చి, ఈసారి కూలర్ కుళాయి నుంచే శాంపిల్ తీయించి, రిపోర్టు వచ్చాకే తెరిచాం. అన్ని రోజులూ నీళ్లు మోసుకురావాల్సి వచ్చి చాలామంది తిట్టుకున్నారు.

ప్లంబర్ పదకొండింటికి చూశాడు, నెట్‌వర్క్ వాళ్లు లైన్ మొదట్లో చూశారు, ల్యాబ్ ప్లాంటు దగ్గర చూసింది. ప్రతిసారీ మేం కొలిచింది మా చివర. వాళ్లు ఇబ్బంది పడింది వాళ్ల చివర.

కౌంటరు ముందు క్యూ

పరీక్షల విభాగం కౌంటరు ముందు గంటల తరబడి నిలబడాల్సి వస్తోందని మరో అంశం. జవాబులో, కౌంటరు సిబ్బంది రోజులో తొమ్మిదో వంతో పదో వంతో ఖాళీగానే ఉంటున్నారని, కాబట్టి కొరత లేదని రాశారు. చదవగానే సబబే అనిపిస్తుంది.

ఈ ముచ్చట నూరేళ్ల కిందటిది. కోపెన్‌హేగన్‌లో టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డేనిష్ గణితవేత్త 1909లోనే క్యూల లెక్కకు పునాది వేశాడు. మనుషులు ఒక వరసలో కాకుండా ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కరి పనికి పట్టే సమయం కూడా మారుతూ ఉంటే, ఒకే కిటికీ ఉన్నచోట లెక్క ఇలా తేలుతుంది. కిటికీ 80 శాతం సమయం పనిలో ఉంటే, వచ్చినవాడు సగటున ఒక పని సమయానికి నాలుగు రెట్లు వేచి ఉండాలి. 90 శాతం అయితే తొమ్మిది రెట్లు. 95 శాతం అయితే పంతొమ్మిది రెట్లు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పట్టే పని అనుకుంటే, 90 శాతం దగ్గర ముప్పావు గంట నిలబడాలి. సిబ్బంది ఖాళీగా ఉన్న ఆ పదో వంతు సమయం వృథా కాదు. ఎదుటివాడి కాళ్ల నొప్పిని తగ్గించేది అదే.

కొత్త కిటికీ అడిగాం. ఫైనాన్స్ ఒప్పుకోలేదు. దాంతో పని కొలిచి చూశాం. ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు ఫీజు బకాయి ఉందో లేదో చూడటానికే పోతున్నాయి. ఆ పని ముందురోజే ఆన్‌లైన్‌లో అయిపోయేలా మార్చాం. కిటికీ అదే, మనుషులూ అదే. క్యూ పూర్తిగా పోలేదు. ఫలితాలు వచ్చిన వారం ఇప్పటికీ పొడుగ్గానే ఉంటుంది.

నాయకత్వం ఏం చేసింది

ఇంతవరకూ రాసింది ఇంజనీరింగ్. దానికన్నా కష్టమైంది మార్పును కాగితం మీదికి తేవడం.

మొదటి సమావేశం తర్వాత వీసీ గారు నన్ను పిలిచి తిట్టలేదు. ఒకటే అడిగారు: "మనం మూశాం అనుకున్నవాటిలో విద్యార్థులు 'అయిపోయింది' అన్నవి ఎన్ని?" ఆ సంఖ్య నా దగ్గర లేదు. విశ్వవిద్యాలయంలో ఎవరి దగ్గరా లేదు. వారంలోగా రిజిస్టరులో కొత్త గడి వచ్చింది: 'చెప్పినవారి సంతకం'. సంతకం లేనిదే మూసిన తేదీ వేయకూడదు.

పాలకమండలిలో ఒక పెద్దాయన దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. విశ్వవిద్యాలయం విద్యార్థులకు లెక్క చెప్పడమేంటి అన్నారు. మధ్యయుగంలో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘాలు ఆచార్యులకు జీతాలిచ్చి, పాఠానికి ఆలస్యంగా వస్తే జరిమానా వేసేవని చెప్పాలనిపించింది. చెప్పలేదు. సమావేశాల్లో చరిత్ర చెప్పి గెలిచినవాణ్ణి నేనింకా చూడలేదు.

అసలు ఎదురుదెబ్బ వేరే చోట తగిలింది. మొదటి నెలాఖరుకి పెండింగ్ సంఖ్య మూడింతలైంది. ఫిర్యాదులు పెరగలేదు, మూతపడటమే ఆగింది. పని అయిపోయినా చాలామంది విద్యార్థులు సంతకం పెట్టడానికి రారు. వాళ్లకు కావాల్సింది నీళ్లు, రిజిస్టరు కాదు. రిజిస్ట్రార్ గారు ఆ సంఖ్య చూసి పాత పద్ధతికి వెళ్దామన్నారు. ఆ రోజు వీసీ గారు, "ఇది పెరిగిన సంఖ్య కాదండీ, ఇన్నాళ్లూ దాచిన సంఖ్య" అన్నారు. ఆ ఒక్క వాక్యం లేకపోయుంటే ఈ కేసు రాయడానికేమీ ఉండేది కాదు. సంఖ్య చెడ్డగా కనిపించినప్పుడు పైవాళ్లు ఓపిక పట్టడం, నా అనుభవంలో, డబ్బు మంజూరు చేయడం కన్నా అరుదు.

పద్ధతిని మాత్రం కాస్త సడలించాం. వారం రోజుల్లో జవాబు రాకపోతే ఆ ఫిర్యాదు పక్కన 'జవాబు రాలేదు' అని వేస్తాం. అది మూసినట్టు లెక్క కాదు, తెరిచి ఉన్నట్టూ కాదు. విడిగా ఉంటుంది. ఏ విభాగంలో 'జవాబు రాలేదు' ఎక్కువ పేరుకుంటుందో చూస్తే, ఎక్కడ వాళ్లకు ఆశ పోయిందో తెలుస్తుంది.

సిబ్బంది కోపం గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ల సర్వీసున్న ప్లంబర్ నా గదికొచ్చి, "నేను చేసిన పనికి ఆ పిల్లల సంతకం కావాలా సార్?" అన్నాడు. ఆయన కళ్లలో అవమానం కనిపించింది. నా దగ్గర మంచి జవాబు లేదు. రెండు నెలల తర్వాత ఒక వార్డెన్, పని చేయకుండానే బిల్లు పెట్టాడని ఆయన మీద ఫిర్యాదు చేశాడు. ఆయన రిజిస్టరు తీసి, అదే పనికి ముగ్గురు విద్యార్థులు పెట్టిన సంతకాలు చూపించాడు. అప్పటినుంచి సంతకం తీసుకోకుండా ఆ అంతస్తు దిగడం మానేశాడు.

జవాబులు రాసే తీరూ మారింది. అంతకుముందు 'మీ విజ్ఞప్తి పరిశీలనలో ఉంది' అనేదే మా జవాబు. దాన్ని రద్దు చేసి మూడే రకాల జవాబులు ఉండాలన్నారు: చేస్తాం, ఫలానా తేదీకి. చేయలేం, ఫలానా కారణం. ఇంకా తేలలేదు, ఫలానా మనిషి ఫలానా రోజున చెబుతారు. వీటిలో రెండోది రాయడానికి అందరికీ చేతులు వణికేవి. లైబ్రరీని రాత్రంతా తెరిచి ఉంచాలని పద్నాలుగింటిలో ఒక అంశం. రాత్రి కాపలాకీ, సిబ్బందికీ ఆ ఏడాది బడ్జెట్ లేదు. అంతకుముందైతే అది ఏళ్ల తరబడి 'పరిశీలనలో' ఉండేది. ఈసారి వీసీ గారు స్వయంగా విద్యార్థుల ముందు నిలబడి, చేయలేమని, ఎందుకు చేయలేమో, ఎంత మంది సిబ్బంది కావాలో చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టలేదు. కొందరు లేచి వెళ్లిపోయారు. మర్నాడు విద్యార్థి సంఘం వాళ్లు వేరే ప్రతిపాదనతో వచ్చారు: లైబ్రరీ మొత్తం వద్దు, పరీక్షల నెలలో కింది రీడింగ్ హాలు ఒక్కటి, కార్డు చూపించి లోపలికి వెళ్లేలా. అది చేయగలిగాం. ఎందుకు కుదరదో తెలిశాకే ఎంతవరకు కుదురుతుందో వాళ్లు వెతకగలిగారు.

ఒకటి మాత్రం ఇప్పటికీ సగంలోనే ఉంది. జవాబు నచ్చనివాళ్లు ఎవరి దగ్గరికెళ్లాలి? మా ఫిర్యాదుల కమిటీ నిర్ణయం మీద అప్పీలు మళ్లీ మా కమిటీకే వచ్చేది. కెనడాలో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో 1965లోనే అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే వ్యక్తి) పదవి ఏర్పడింది, ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాల్లో అదే మొదటిదంటారు. పాలనకు సంబంధం లేని మనిషి ఒకరు ఉండాలని నేనూ నోట్ పెట్టాను. ఆ ఫైలు ఇంకా తిరుగుతోంది. దాని మీద పై మూడు జవాబుల్లో ఏదీ నాకు రాలేదు, ఆ సంగతి నేను సోమవారం మీటింగ్‌లో గుర్తుచేస్తూనే ఉంటాను.

పద్నాలుగో అంశం

వినతిపత్రంలో చివరి అంశం ఒక్క విద్యార్థిది. చక్రాల కుర్చీలో వచ్చే అబ్బాయి. సైన్స్ బ్లాకు ర్యాంపు చాలా నిటారుగా ఉందని, ఎవరో ఒకరు వెనక నుంచి నెట్టనిదే ఎక్కలేకపోతున్నానని అందులో ఉంది. ఎక్కువమంది చెప్పిన సమస్య ముందు, తక్కువమంది చెప్పింది తర్వాత అన్నది మా పద్ధతి. కాబట్టి ఇది చివరన పడింది. పన్నెండింటిలో ఇదీ ఒకటి. 'ర్యాంపు ఉన్నది' అని రాసి మూసేశారు.

చాలా దేశాల్లో పాటించే కొలత ప్రకారం ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి ర్యాంపు కనీసం పన్నెండు అడుగుల పొడుగుండాలి. మా ర్యాంపు కొలిస్తే ఒక అడుగుకి ఆరు అడుగులే వచ్చింది. ఉండాల్సిన దానికి రెట్టింపు నిటారు. భవనం కట్టినప్పుడు మెట్ల పక్కన మిగిలిన స్థలంలో కుదించి కట్టేశారు. పొడిగించాలంటే ముందున్న చెట్లపాదు తీసేసి, మధ్యలో మలుపు తిప్పి, ఆగడానికి చదునైన జాగా ఇవ్వాలి. డ్రాయింగు అయింది. అంచనా అయింది. టెండరు రెండుసార్లు ఎవరూ వేయక మూలపడింది, పని చిన్నది కాబట్టి కాంట్రాక్టర్లకు ఆసక్తి లేదు. దాన్ని వేరే పెద్ద పనిలో కలపాలని నాకు ఆలస్యంగా తట్టింది.

ఈలోగా ఆ అబ్బాయి క్లాసుల్ని ఆ ర్యాంపు ఎక్కనక్కర్లేని గదికి మార్చాం. అదే పని అతను మొదటిసారి చెప్పిన రోజే చేసి ఉండొచ్చు. ఒక టైంటేబుల్ మార్పు, అంతే. రెండేళ్లపాటు ఎవరూ చేయలేదు, ఎందుకంటే ఫిర్యాదు ర్యాంపు గురించి ఉంది కాబట్టి దాన్ని ఎస్టేట్ విభాగానికి పంపారు. టైంటేబుల్ చూసేది వేరే విభాగం.

కొత్త ర్యాంపు పూర్తయిన వారం సంతకం కోసం అతని నంబరుకి ఫోన్ చేశాను. కోర్సు పూర్తయి వెళ్లిపోయి మూడు నెలలైందన్నాడు. "సంతకం ఎవరైనా కొత్తవాళ్ల చేత పెట్టించండి సార్" అన్నాడు, మామూలుగానే. రిజిస్టరులో ఆ వరసలో మూసిన తేదీ గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ఏడాది ఆ బ్లాకులో చక్రాల కుర్చీ వాడే విద్యార్థులెవరూ చేరలేదు.